బ్రేకు ముట్టని శత్రువు

ఆ రోజు అక్టోబరు పదకొండు, శనివారం. టైపిస్టుకి బాగా గుర్తు. ఆమె, నిదానంగారు ఆఫీసులో రొట్టె, ఉడికించిన గుడ్లు తింటున్నారు. రెండో గుడ్డు పెంకు సగం వలిచేసరికి ఒకావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆ గుడ్డు ఇక ఎవరూ తినలేదు.

కొంప మునుగుతున్నా అడుగు త్వరగా వెయ్యని ప్రైవేటు డిటెక్టివ్‌కి నిదానంగారన్న పేరు ఊరు పెట్టిందే. ఉత్తరాలు టైపు చేయడానికి చేరిన ఆమె, ఆయన బుర్ర ఎటు నడుస్తుందో చూసే సరదాకొద్దీ సహాయకురాలిగా ఉండిపోయింది. పిలుపు మాత్రం పాతదే మిగిలింది.

“మా ఆయన్ని ఎవరో చంపాలని చూస్తున్నారండీ,” అంది వచ్చినావిడ నిలబడే.

“ముందు మంచినీళ్లు తాగండమ్మా. ఆ తర్వాత మొదటినుంచి చెప్పండి.”

ఆవిడ భర్త బీమా కంపెనీలో గుమాస్తా. తెల్లవారుజామున సైకిలు తొక్కి, ఈత కొట్టి, పరుగెత్తి, ఆపైన ఆఫీసుకి పోతాడు. ఈ ఏడాది మూడు పోటీలకి పేరిచ్చాడు. ఏప్రిల్లో ట్రయథ్లాన్: ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి. సైకిళ్లు ముందురోజు సాయంత్రమే మైదానంలో వరసగా పెట్టి రావాలి. తెల్లారి చూస్తే చైను రెండు కొసలనీ కలిపే లింకు మాయం. జులైలో దూరాల సైకిలు పోటీ. బయల్దేరే వేళకి సీటు లేదు.

“రేపు అన్నిటికన్నా పెద్ద ట్రయథ్లాన్. ఇవాళ గది ఊడుస్తుంటే చెయ్యి తగిలింది, వెనక చక్రం మెత్తగా ఉంది. ఆయనకింకా చెప్పలేదు. లింకు పోయింది, సీటు పోయింది. రేపు దిగుడులో బ్రేకు పోతే?”

“బ్రేకుల్ని ఇంతవరకూ ఎవరైనా ముట్టుకున్నారా?”

“లేదండీ.”

“ఊఁ,” అన్నారు నిదానంగారు. ఆ ‘ఊఁ’ వినగానే టైపిస్టు గొడుగు అందుకుంది.

సైకిలు గది వంటింటి పక్కనే ఉంది. గోడకి రెండు పతకాలు, పొద్దుటి చెమటతో ఇంకా తడిగా ఉన్న బనీను, పట్టీలతో బిగించే సైకిలు బూట్లు. ఆ పక్క మేకుకి నల్లటి పట్టీ ఒకటి వేలాడుతోంది.

“అది ఛాతీకి కట్టుకునేది,” అంది ఆవిడ. “గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో గడియారంలో చూపిస్తుంది. అది లేకుండా గడప దాటరు.”

నిదానంగారు పట్టీ మీద వేలు రాశారు. వేలికి దుమ్ము అంటింది. సైకిలుకి తగిలించిన సంచిలోంచి రెండు కొత్త ట్యూబులు తీసి, గాలి కొట్టి, బకెట్లో ముంచారు. రెంటిలోంచీ సన్నటి బుడగలు వచ్చాయి. వెనక టైరంతా తడిమి చూశారు. ముల్లు లేదు, గాటు లేదు. టైరు కదలకుండా ఒక అంచు మాత్రం తప్పించి చూస్తే, లోపలి ట్యూబుకి సూదిమొన బెజ్జం ఉంది.

తర్వాత చక్రాలు తిప్పి చూశారు. ముందు టైరు మీద కంపెనీ పేరు ఎక్కడో పక్కకి ఉంది. వెనక టైరు మీద సరిగ్గా గాలి కొట్టే వాల్వు ఎదురుగా ఉంది. మూలనున్న పాత నల్ల సైకిలు చక్రాలు కూడా తిప్పి, “చక్కగా ఉంచారే!” అన్నారు.

“మా నాన్నది,” అందావిడ. “వయసులో ఊళ్లకి ఊళ్లు తొక్కేవాడు. మాతోనే ఉంటాడు.”

ముసలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. “ఇన్ని అపశకునాలయ్యాక రేపటికి మానుకుంటే ఏం పోతుందమ్మా?” అన్నాడు, కూతురి మొహం చూడకుండా.

ఆవిడ అనుమానమంతా భర్త స్నేహితుడి మీద. అతను పళ్ల డాక్టరు, ప్రతి పోటీలోనూ వీళ్లాయన వెనకే వస్తాడు.

“నేనా?” పళ్ల డాక్టరు కుర్చీలో పేషెంటుని నోరు తెరిపించి ఉంచే నవ్వాడు. “సార్, నాకు పంక్చరు వెయ్యడమే రాదు. షాపువాడు నా పేరు చెప్పుకుని ఇల్లు కట్టాడు. పైగా వాడిప్పుడు నాకంటే వెనకే. వసంతం నుంచీ గుట్ట మొదలవగానే ‘నువ్వు పదరా, లేసు కట్టుకుని వస్తా’ అంటాడు.”

పేషెంటు ఏదో అన్నాడు. “మీరు మూయకండి,” అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక టైపిస్టు ఆగలేకపోయింది. “ఇతనేనా అండీ?”

“లేసుల సంగతి ఆలోచించండి, టైపిస్టుగారూ.”

సాయంత్రానికి ఆ ఇంటి ముందుగదిలో పళ్ల డాక్టరుతో సహా అందరూ చేరారు. ఆఫీసునుంచి వచ్చిన భర్త సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “ఎవడో చెప్పండి సార్. రేపు పరుగుపెట్టేముందు వాణ్ని పరుగెత్తిస్తా!”

“ఈ శత్రువు చిత్రమైనవాడు,” అన్నారు నిదానంగారు. “చైను తీశాడు, సీటు తీశాడు, గాలి తీశాడు. అన్నీ బయల్దేరేముందే కనబడేవి. దారిలో ప్రాణం తీసే బ్రేకు జోలికి పోలేదు. మిమ్మల్ని కదలనివ్వకూడదు, మీ ఒంటిమీద గీత కూడా పడకూడదు. అలా కోరేవాడు పగవాడు కాదు.”

ఆయన వంటింటి పక్క గదివైపు వేలు చూపారు.

“వెనక టైరు విప్పి, ట్యూబుకి బెజ్జం పెట్టి, మళ్లీ ఎక్కించారు. ఎక్కించినవారు కంపెనీ పేరుని వాల్వు ఎదుటికి తెచ్చారు. ట్యూబులో బెజ్జం దొరికితే, టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే తెలియడానికి పాతకాలపు సైకిలువాళ్లు అలా ఎక్కిస్తారు. ముందు టైరు ఎక్కించిన మీకు ఆ అలవాటు లేదు. డాక్టరుగారికి టైరు ఎక్కించడమే రాదు. మూలనున్న నల్ల సైకిలుకి మాత్రం రెండు చక్రాలూ అలాగే ఉన్నాయి. చెడగొట్టేటప్పుడు కూడా చెయ్యి మంచి పనే చేసింది, పెద్దాయనా.”

“నాన్నా!” అంది కూతురు.

“నేనేనమ్మా,” అన్నాడు ముసలాయన.

“మామయ్యా, మీరా? ఎందుకు?” అల్లుడి గొంతు తగ్గింది, అడగకుండా ఉండాల్సింది అన్నట్టు.

“చెప్పను. ఒట్టేశాను.”

“ఎవరి మీద?” అన్నారు నిదానంగారు.

ముసలాయన కూతురివైపు చూసి తల దించుకున్నాడు.

నిదానంగారు జేబులోంచి నల్లపట్టీ తీసి అల్లుడి ఒళ్లో పెట్టారు. “ఆ ఒట్టు విప్పగలిగింది మీరొక్కరే. బనీను తడిగా ఉంది, దీని మీద దుమ్ముంది. గుండె లెక్క చూసుకోవడం ఎందుకు మానేశారు? పట్టీల బూట్లకి గుట్ట కింద ఏ లేసు కడుతున్నారు?”

పళ్ల డాక్టరు లేచి నిలబడ్డాడు. “ఒరేయ్!”

అల్లుడు పట్టీని వేళ్లకి చుట్టుకుంటూ కూర్చున్నాడు. “మార్చిలో మొదటిసారి వచ్చింది. ఛాతీ పట్టేసి, ఎడమ చెయ్యి లాగేసింది. ఆ గదిలోనే. మామయ్య చూశారు. తన కూతురి మీదే ఒట్టేయించుకున్నాను, ఎవరికీ చెప్పనని.”

“ఇప్పటికీ వస్తోందా?”

“ఎక్కుళ్లలో... మొన్న ఈతలో కూడా.”

“ఎందుకండీ దాచారు?” అంది భార్య. గొంతులో కోపం లేదు, అందుకే అందరికీ భయమేసింది.

“ఆఫీసులో నన్ను బస్తా అనేవాళ్లు, గుర్తుందా? మొదటి పతకం వచ్చిన రోజునుంచి అనడం మానేశారు. ఇది ఆపేస్తే మళ్లీ బస్తానే కదా.”

“నేను పెళ్లి చేసుకుంది బస్తానే,” అంది ఆవిడ. “నాకు ఆ బస్తాయే కావాలి. లేవండి.”

పళ్ల డాక్టరు అప్పటికే కారు తాళాలు వెతుక్కుంటున్నాడు. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. టైపిస్టు, నిదానంగారు కబురు కోసం ముసలాయనకి తోడుగా కూర్చున్నారు. ఆయన పొయ్యి వెలిగించి ముగ్గురికీ టీ పెట్టాడు, చక్కెర మరిచిపోయాడు. ఎవరూ అడగలేదు.

చీకటి పడ్డాక ఫోను మోగింది. రక్తనాళం ఒకటి దాదాపు పూడుకుపోయిందట. ఆసుపత్రిలో చేర్చుకున్నారు, రేపే సరిచేస్తారు. రేపు నీళ్లలో దిగితే ఒడ్డుకి వచ్చేవాడు కాదన్నారట. ఫోను పెట్టేముందు అల్లుడే అందుకుని, “మామయ్యా, సీటు ఎక్కడ దాచారు?” అని అడిగాడు.

“నా తలగడ కింద, బాబూ,” అన్నాడు ముసలాయన. అప్పుడు ఏడ్చాడు.

“దొంగకి శిక్షేమీ లేదా అండీ?” అంది టైపిస్టు మెల్లగా.

“జులైనుంచి సీటు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. చాలదూ?” అన్నారు నిదానంగారు, గొడుగు తీసుకుంటూ.

వాళ్లు గుమ్మం దిగుతుంటే వంటింటి పక్క దీపం వెలిగింది. ముసలాయన పాత సీటునీ లింకునీ బూట్ల పక్కన పెట్టాడు. ట్యూబు బెజ్జానికి అతుకు వేసి, టైరు ఎక్కించి, పేరుని వాల్వు ఎదుటికి తిప్పి, గాలి కొట్టాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. దీపం ఆర్పి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.