ఏడిళ్ల పిల్లి

కోమల్ తల దువ్వుకుంటూనే చెవి మాత్రం వంటగట్టు వైపు ఉంచింది. కామాటిపురలో, గదులన్నీ వరసగా ఉండే చాల్‌లో ఒంటిగది కాపురం. అందులో రహస్యాలకు చోటేది? అయినా అత్త రత్నాబాయి, ఆమెను ఆజీ అని పిలిచే ఐదేళ్ల కూతురు రుతుజ కొన్ని రోజులుగా ఏదో గుసగుసలాడుతున్నారు. తను తలెత్తగానే ఆపేస్తున్నారు.

"ఏందే, ఆజీ ఏం చెప్తుంది?"

"కుచ్ నై మమ్మీ. నీకు చెప్పొద్దన్నది."

పిల్లలంతా తలా ఒక జంతువు కథ సొంతంగా అల్లి చెప్పాలని బడిలో అన్నారట. జంతువు కథకు ఇంత దాపరికం దేనికి? కోమల్ పొద్దంతా బట్టల దుకాణంలో నిలబడి ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆ సందులో అత్త బిడ్డ మనసు విరుస్తోందా? అనుమానం ముదిరి, నిన్న వర్లిలో ఉన్న తల్లికి ఫోన్ చేసింది. "రుతుజను నీ దగ్గరే ఉంచుకో అమ్మా" అంది.

ఇవాళ పనికి బయల్దేరినదల్లా మెట్ల మలుపులో ఆగింది. చెప్పులు చేత పట్టుకుని, తన ఇంటి తలుపు దగ్గరికి తనే దొంగలా వచ్చింది.

లోపల రుతుజ గొంతు. "పిల్లి పిల్ల మస్తు ఏడ్సింది. మా అమ్మకు నేనొద్దు అన్నది."

తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంది. "ఇదా అత్తా నువ్వు నేర్పేది? నా బిడ్డకు నా మీదనే విషం నూరిపోస్తున్నవా?"

రత్నాబాయి గబుక్కున మనవరాలి నోరు మూసింది.

"అగో, మళ్ల మూస్తున్నవ్! ఏం దాస్తున్నవ్?"

"మెల్లగ మాట్లాడు, గ్యాలరీల అందరు ఇంటున్నరు. పగటీలి కథ చెప్తే మేనమామ బాట తప్పుతడంటరు గదా. నీ తమ్ముడు లారీ తోల్కొని రోడ్డు మీదున్నడు. నీకు తెలిస్తే, నా తమ్ముని ముంచుతున్నవని మీద పడ్తవ్. రాత్రి చెప్దామంటే పోరి పండుకుంటది. కథ పూర్తిగాకుంటే దోషం లేదని, జర్రంత చెప్పిచ్చి ఆపుతున్న."

"మరి ఆ మాట?"

"నిన్నటి దాక పిల్లి మంచిగనే ఉండె. ఇయ్యాల ఆ మాట పోరే తెచ్చింది. మార్చు బిడ్డా అంటే ఇంటలేదు."

రుతుజ తల్లి చున్నీ పట్టుకుంది. "మమ్మీ, నన్ను వర్లికి ఎందుకు పంపుతున్నవ్? నువ్వు ఫోన్ల చెప్పింది నేను ఇన్న."

కోమల్ అక్కడే నేల మీద కూలబడింది. తర్వాత ఫోన్ తీసింది.

"రితేశ్, బండి పక్కకు ఆపు."

"ఏమైందక్కా?"

"ఇంట్ల కథ చెప్తున్నం. అయిపోయినంక పో."

"పాగల్ అయినవా?"

"ఆపురా అంటే!" ఫోన్ నేల మీద పెట్టి, బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. "పిల్లి తన పిల్లను నోట కరుచుకొని ఏడిళ్లు తిరిగిందంట."

"ఊ," అన్నాడు రితేశ్ ఫోన్లోంచి.

"వర్లి దాక పోయిందా?" అంది రుతుజ.

"పోయింది. అక్కడ పాలున్నయ్, మెత్తటి పరుపున్నది. మామ బాట తప్పకుండ పిల్ల నోరు మూసి కథకు కాపలా కాసే ఆజీ మాత్రం లేదు." కోమల్ అత్త వైపు తిరిగింది. "మళ్ల ఈ గడపకే వచ్చి అడిగింది. తప్పయింది, నన్ను కూడ లోపలికి రానిస్తవా అని."

రుతుజ ఆజీ వైపు చూసింది. రత్నాబాయి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటునుంచే, "ఊ" అంది.