తుపాకీ పేలే సీను

ముళ్లు గుచ్చుకున్నాయి.

ఆమె ఆగలేదు.

నర్సు యూనిఫారం మోచేతి దగ్గర పర్రున చిరిగింది. తెల్లబట్ట మీద రక్తం. ఈసారి పేషెంట్లది కాదు, తనదే.

పొద్దు వాలుతోంది. కొండవాలంతా అంచెలంచెలుగా తోట. రకరకాల జెముళ్లు, మొక్కమొక్కకీ పేరు రాసిన చిన్న రేకు. ఇంకో రోజైతే ఒక్కో రేకూ చదువుకుంటూ నింపాదిగా తిరిగేది. ఇవాళ వాటి మీదుగా దూకుతోంది!

కింద సముద్రం. సముద్రానికి ఆనుకుని స్టేజి. దాని ఎదురుగా కొండరాయినే మెట్లుగా చెక్కిన సీట్లు. పైన కప్పు లేదు. ఆరువందల మంది జనం.

మూడో వరసలో ఆమె తమ్ముడు.

ఇంకాసేపట్లో వాణ్ణి చంపేస్తారు!

అరగంట క్రితం వార్డులోకి బైకు మీంచి పడ్డవాణ్ణొకణ్ణి తెచ్చారు. మత్తు ఎక్కుతుంటే వాడి నోరు లూజైంది. లిఫ్టు మెకానిక్ పని ఇవాళతో సరి అన్నాడు. నాటకంలో తుపాకీ పేలుతుంది కదా, ఆ మోతలోనే ఇంకోటి పేలుతుందన్నాడు. పేల్చేదెవడురా అని వాడి చెంపలు తట్టింది.

అప్పటికే గురక.

లిఫ్టు మెకానిక్ ఆమె తమ్ముడే. ఒక హోటల్లో లిఫ్టు రిపేరుకి వెళ్లి, ఆ హోటల్ ఓనరు తన మేనేజర్ని కాల్చెయ్యడం కళ్లారా చూశాడు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చెబితే ఓనరు పని అయిపోయినట్టే.

ఫోన్ చేసింది. స్విచాఫ్! ఈ థియేటర్లో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. భర్త ఫోనూ అంతే. పోలీసులకి చెప్పింది. బయల్దేరామన్నారు. ఘాట్‌ రోడ్డు... నలభై నిమిషాలు.

ఒక్కటే ధైర్యం. తమ్ముడి పక్కన భర్త ఉన్నాడు.

ఆ బావకీ బావమరిదికీ మొదట్నుంచీ ఉప్పూ నిప్పూ. అలాంటిది ఈ వారం రోజులుగా ఆయనే వాణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఇంట్లో కూర్చుని వణకడం దేనికిరా, నాటకం చూసొద్దాం పద అని టికెట్లూ ఆయనే తెచ్చాడు. ఆమె మురిసిపోయింది కూడా.

గేటు దగ్గర లోపలికి వదల్లేదు. ఆట మొదలయ్యాక ఇంటర్వెల్ దాకా తలుపు తియ్యనన్నాడు గేటు మనిషి. ప్రాణం మీదికొచ్చిందంది. లేటుగా వచ్చిన ప్రతివాళ్లకీ ప్రాణం మీదికే వస్తుందన్నాడు. రోజుకి పది కట్టుకథలు వినేవాడికి నిజం చెబితే మాత్రం నమ్ముతాడా?

అందుకే తోట గోడ దూకింది.

మాలీలు నీళ్ల పైపులు ఈడ్చుకెళ్లే సన్నటి దారి. కాలు జారింది! పదడుగులు దొర్లి, చెక్కతలుపుకి గుద్దుకుని, తలుపుతో సహా లోపల పడింది.

స్టేజి వెనక భాగం.

ఒక బల్ల. దాని మీద గొడుగులు, లాంతరు, ఉత్తరాల కట్ట. నాటకం సామాను చూసే ముసలాయన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో తుపాకీ!

ఆమె అరవబోయింది.

ముసలాయన కంగారుపడి వేలు పెదాల మీద పెట్టి, గుసగుసగా సర్దిచెప్పాడు. ఇది ఉత్త మోత తుపాకీ. స్టేజి మీద హీరో చేతిలో ఉన్నది చెక్కది. అతను గురిపెట్టగానే ఇక్కడ ఈయన పేలుస్తాడు. జనం హీరోయే కాల్చాడనుకుంటారు.

"ఇంకా ఎంతసేపుంది?"

"నాలుగు డైలాగులు."

సీట్లలోకి వెళ్లాలంటే స్టేజి దాటాలి. ఇంకో దారి లేదు.

"పేల్చొద్దు బాబాయ్. ఆ మోత వినబడితే మా తమ్ముణ్ణి చంపేస్తారు."

ఆయన ఆమె చిరిగిన బట్టలు చూశాడు. రేగిన జుట్టు చూశాడు. పాపం పిచ్చిదనుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ స్టేజి మీద ఒక్క మోతా తప్పిపోలేదమ్మా అన్నాడు మెత్తగా.

మూడు డైలాగులు... రెండు...

లాక్కుంది!

విసిరింది!

తుపాకీ సముద్రంలో పడింది.

స్టేజి మీద హీరో చెక్క తుపాకీ ఎత్తాడు. "నీ పాపం పండింది!"

నిశ్శబ్దం.

అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

హీరో గుటక వేశాడు. ఆ పాపం పండిన సంగతి మళ్లీ చెప్పాడు, ఇంకాస్త గట్టిగా. ఎదురుగా విలన్, చావాలో బతకాలో తెలియక నిలబడ్డాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె తెర సందులోంచి చూసింది. మూడో వరస... తమ్ముడు! బతికే ఉన్నాడు! నోరు తెరుచుకుని హీరోనే చూస్తున్నాడు.

అందరూ హీరోనే చూస్తున్నారు.

ఒక్కడు తప్ప.

ఒళ్లో మడతపెట్టిన కోటు. కోటు కిందినుంచి నల్లటి గొట్టం. అది తమ్ముడి పక్కటెముకలకి జానెడు దూరంలో ఉంది.

పొద్దున తను ఇస్త్రీ చేసిన కోటు!

ఆయన...!

ఏం ఆశ పెట్టారో, ఎందుకు లొంగాడో... అడిగే టైం లేదు. పారిపొమ్మని తమ్ముడికి అరిస్తే, వాడు లేచేలోపు పేలుతుంది. ఆ గొట్టం వాడి మీంచి పక్కకి తిరగాలి.

తిరగాలంటే ఒకటే దారి.

స్టేజి మీదికి నడిచింది. లైట్లు మొహాన కొట్టాయి. కొత్త పాత్ర వచ్చిందనుకుని జనం సర్దుకుని కూర్చున్నారు.

"ఏవండీ!"

రాతి మెట్లు ఆ పిలుపుని పైవరస దాకా మోసుకెళ్లాయి. భర్త తల ఇటు తిప్పాడు.

"పోలీసులకి మీ పేరు చెప్పింది నేనే. వాడేం చేశాడండీ? కాల్చాలనుకుంటే నన్ను కాల్చండి."

పచ్చి అబద్ధం. చంపేది ఆయనేనని ఆమెకే ఇప్పుడు తెలిసింది. కానీ పనిచేసింది! కోటు జారిపోయింది. గొట్టం పైకి లేచింది, స్టేజి వైపు తిరిగింది. కాల్చలేడేమో అనిపించింది ఆమెకి. పదేళ్లు కలిసి కాపరం చేసిన మనిషి.

ఆయన వేలు సడలింది.

తెర వెనక ముసలాయనకి ఇదేమీ తెలియదు. ఆయనకి కనిపిస్తున్నది ఒక్కటే. ఎవరో పిచ్చిది సీను పాడుచేస్తోంది. ముప్ఫై ఏళ్ల పరువు! ఉప్పుగాలికి ఇనుము ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు కాబట్టి, ఈ థియేటర్లో ఎవరూ ఒక్క తుపాకీని నమ్ముకోరు. బల్ల కింద నూనెగుడ్డ విప్పాడు. రెండోది తీశాడు.

పైకెత్తి పేల్చాడు.

ఢాం!

భర్త గంట నుంచీ ఆ మోత కోసమే కాచుకుని ఉన్నాడు. వినగానే ఉలిక్కిపడ్డాడు. వేలు దానంతటదే బిగిసింది.

హమ్మయ్య అన్నట్టు విలన్ కుప్పకూలాడు.

అతని పక్కనే ఆమె కూడా పడిపోయింది.

చప్పట్లు! వెనక వరసలన్నీ లేచి నిలబడి కొడుతున్నాయి. మూడో వరసలో మాత్రం నలుగురు మీదపడి ఆయన చెయ్యి విరిచి పట్టుకున్నారు.

చెక్క నేల ఆమె చెంపకి వెచ్చగా తగిలింది. కడుపులో మంట. ఎక్కడ తగిలిందో, ఎంత టైం ఉందో ఆమెకి తెలుసు. ఎమర్జెన్సీ వార్డు నర్సు కదా. బలవంతాన కళ్లు తెరిచి వెతికింది.

మూడో వరసలో తమ్ముడి సీటు ఖాళీ!

ఆ పెనుగులాటలో ఇంకోటి పేలిందా?

అంతలో మెట్లు దూకుతూ ఎవరో వస్తున్నారు. చెప్పులు ఎటో పోయాయి. అక్కా అక్కా అని ఏడుస్తున్నాడు. పరుగెత్తుకొస్తున్నాడు.

పరుగెత్తుతున్నాడు... అంటే వాడికి తగల్లేదు!