నవ్వు షాట్

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. సరుకుల చీటీ, అవసరమైన చోట సంతకం... అంతే నా రాత. నోటితో చెబుదామంటే నలుగురూ నా ముఖం చూస్తారని సిగ్గు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో ఒక షూటింగ్ బంగళా ఉంది. అందులో ఎవరూ కాపురం ఉండరు. సినిమావాళ్లకు రోజు కిరాయికి ఇస్తారు. పెళ్లిచూపులు, సీమంతాలు, చావులు — అన్నీ ఆ ఒక్క హాల్లోనే తీస్తారు. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, టీ పెడతాను.

ఆ హాలుకి చెడ్డపేరు. చీకటి పడ్డాక ఒంటరిగా ఎవరూ గడప దాటరు. మెట్ల పక్కన, నేల మీద, తెల్లచీర కట్టుకుని ఒక ఆడమనిషి పడుకుని ఉంటుందట... జుట్టంతా ముఖం మీద పరుచుకుని. లేవదు. కదలదు.

"ఎవల్నీ ఏమనది," అంటాడు వాచ్‌మన్ భిక్షం. "గట్లనే పండుకొని ఉంటది. ఎవలో వచ్చి లెమ్మంటరని ఎదురుచూసినట్టు."

ఆమె ఎవరో భిక్షానికి తెలియదు. నాకు తెలుసు.

మా తోటికోడలు దేవమ్మ. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. జూనియర్ ఆర్టిస్టు. మోకాళ్ల దాకా జుట్టు. ఆ జుట్టు చూసి దెయ్యం వేషమో, శవం వేషమో ఇచ్చేవాళ్లు. "బతికున్న వేషం ఒక్కటన్నా ఇయ్యరేందే భూలక్ష్మీ," అని నవ్వేది. ముక్కుతో మొదలై దగ్గుతో ఆగే నవ్వు. ఆ నవ్వు వింటే పక్కవాళ్లకీ నవ్వొచ్చేది.

సినిమావాళ్లకు ఒక పద్ధతి ఉంది. శవంగా పడుకున్నవాళ్లని షాట్ అయ్యాక అట్లాగే పంపించరు. లేపి, అదే కెమెరా ముందు ఒక్కసారి నవ్వించి తీస్తారు. ఆ ముక్క సినిమాలో ఉండదు. అయినా తీస్తారు. కీడు పోవాలని.

రెండేళ్ల కింద ఆ హాల్లో, ఆ మెట్ల పక్కన, అక్క శవంగా పడుకుంది. షాట్ అయింది. "ఆగండమ్మా, నవ్వు షాట్ తీసుకుంటాం," అన్నాడు అసిస్టెంటు. లైట్లు మారుస్తున్నారు. బయట మబ్బు కమ్మింది. యూసుఫ్‌గూడ చేరాలి మేము.

నేనే తొందరపెట్టాను. "ఇప్పుడు నవ్వుడేందక్కా? ఇంటికాడ నవ్వుదువు తియ్. వానొస్తది, నడువ్."

లేచి వచ్చేసింది.

మూడు నెలలకు ఎర్రగడ్డ దవాఖానాలో పోయింది. ఊపిరితిత్తులన్నారు. నాకు ఏడుపు రాలేదు. రాలేదని కూడా అందరూ నా వైపు చూశారు. అప్పటి నుంచి లోపలంతా మొద్దుబారింది. అన్నం తింటాను, ఉప్పుందో లేదో తెలియదు. ఆ తర్వాతే మొదలైంది హాల్లో ఆడమనిషి ముచ్చట. నేను మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎన్ని సాయంత్రాలు గడప దగ్గర కూర్చున్నా... నాకు కనిపించలేదు.

మొన్న అక్టోబరు ఆఖరి రోజు. బంగళా ఓనరు కొడుకు నిఖిల్ స్నేహితుల్ని పిలిచాడు. ఆ రోజు ఇంగ్లీషువాళ్ల దెయ్యాల పండగట, హాలోవీన్. హాల్లో తెల్లగుడ్డ కట్టి, తెల్లారేదాకా జపాన్ దెయ్యం సినిమాలు వరసగా వేస్తారట. నారింజరంగు గుమ్మడికాయకి కళ్లు, పళ్లు కోసి, లోపల కొవ్వొత్తి వెలిగించి మెట్ల మీద పెట్టారు. నన్ను టీకి, బజ్జీలకి ఉండమన్నారు.

"ఆంటీ, మెట్ల దగ్గర మీ దెయ్యం ఉంటుందటగా?" అంది గీతిక, నిఖిల్‌తో కలిసి కథలు రాసే అమ్మాయి. "రమ్మనండి. ఈ రోజు ఆవిడకి టికెట్ ఫ్రీ!"

అందరూ నవ్వారు. నేను బజ్జీలు తిప్పుకున్నాను.

వంటింటి గడప మీద కూర్చుని చూశాను. ప్రతి సినిమాలోనూ ఒక ఆడది. ముఖం మీద నల్లటి జుట్టు, తడి బట్టలు, మెల్లగా నడక. పిల్లలు దిండ్లు వాటేసుకుని కేకలు పెడుతున్నారు. నాకు భయం వేయలేదు. ఆ జుట్టు వెనక ఒక మనిషి ఉంటుంది కదా... ఎంతసేపు తడిబట్టలతో నిలబెట్టారో, టీ ఇచ్చారో లేదో, అనిపించింది.

"బాబూ, ఈమెతో నవ్వు షాట్ తీసిన్రా?" అని అడిగాను.

"జపాన్‌లో అవన్నీ ఉండవాంటీ," అన్నాడు నిఖిల్. మళ్లీ నవ్వులు.

నాలుగో సినిమా అయ్యేసరికి చప్పుడు లేదు. తెల్లగుడ్డ మీద వెలుగు పోయింది. పిల్లలంతా దుప్పట్లు కప్పుకుని నిద్రపోయారు. గ్లాసులు తీద్దామని హాల్లోకి వెళ్లాను. గుమ్మడికాయలో కొవ్వొత్తి ఒక్కటే... ఆరుతూ, వెలుగుతూ...

మెట్ల పక్కన, నేల మీద... తెల్లచీర.

జుట్టు ముఖం మీద పరుచుకుని ఉంది.

చేతిలో గ్లాసులు కింద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను. పరుగెత్తాలని అనిపించలేదు. పక్కన కూర్చున్నాను. నేల చల్లగా ఉంది.

"అక్కా..." అన్నాను మెల్లగా. "షాట్ అయిపోయింది. లే... నాదే తప్పు. ఆగమన్నా నేను ఆగనియ్యలే. ఒక్కసారి నవ్వక్కా... నవ్వి పో."

కొవ్వొత్తి ఒకసారి రెపరెపలాడింది.

తర్వాత... వినిపించింది. చిన్నగా. ముక్కుతో మొదలై, దగ్గుతో ఆగింది.

ఒక్కసారిగా లైట్లు వెలిగాయి! పిల్లలంతా దుప్పట్లు విసిరేసి చప్పట్లు. నిఖిల్ చేతిలో ఫోన్, వీడియో తీస్తున్నాడు. తెల్లచీర మనిషి లేచి కూర్చుని విగ్గు తీసేసింది.

గీతిక.

అందరూ నవ్వుతున్నారు. గీతిక నవ్వడం లేదు. ముఖం పాలిపోయింది.

"సారీ ఆంటీ. మీ చెయ్యి పట్టుకుని అరుద్దామనుకున్నా. మీరు అట్లా మాట్లాడేసరికి నాకు చేతులు ఆడలేదు."

"ఏం కాదు బిడ్డా. నవ్వినవు గదా... చాలు."

గీతిక విగ్గుని గట్టిగా పట్టుకుంది.

"నేను నవ్వలేదాంటీ... మీరు నవ్వారనుకున్నా."

హాల్లో ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు. నిఖిల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వీడియో చూద్దామని ఎవరూ అనలేదు.

పొద్దున్నే అందరూ వెళ్లిపోయాక ఆ గుమ్మడికాయ తీసుకున్నాను. షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు సినిమావాళ్లు గుమ్మడికాయ కొడతారు. దానికి బూడిద గుమ్మడి కావాలి. నా దగ్గర ఇదే ఉంది. కర్పూరం వెలిగించి, మెట్ల పక్కన ఆ చోట మూడుసార్లు తిప్పి, గేటు బయట కొట్టాను.

"ఏ సిన్మా అయిపోయిందమ్మా?" అన్నాడు భిక్షం.

"మా అక్కది," అన్నాను.

ముక్కలు ఊడ్చి, చేతులు కడుక్కుని, టీ పెట్టుకున్నాను. ఒక గుక్క తాగాను.

చక్కెర ఎక్కువైంది.