గుప్పెడు నూకలు

శంకరవ్వ కంటినిండ పండి ఎన్నాళ్లయిందో ఆమెకే యాదికి లేదు. ఒక్కగానొక్క కొడుకు ఎల్లేశం. బొగ్గుబాయిల కప్పు కూలి, తోటోళ్లంత పోయి, ఆ చీకట్ల వాడొక్కడే మిగిలిండు. బయటికి తీసేటాళ్లకు మనిషి ఉన్నడు, మతి లేదు. ఎవ్వలిచ్చినా నీళ్లు ముట్టడు. సందు దొరికితే బాయి దిక్కు ఉరుకుతడు, లోపటోళ్లు పిలుస్తుండ్రంటడు.

నిజాం పోయి సర్కారు మారింది కని దవాఖాన మారలే. మతి తప్పినోళ్లకు వార్డు లేదు. వెనక వరండాల ఇనుప మంచం చూపిచ్చిండ్రు. "నువ్వు కావలుంటేనే ఉంచుకుంటం. కన్ను మూస్తే గొలుసేస్తం" అన్నడు కాంపౌండరు. ఆయన మాత్రం ఏం జేస్తడు, అంత దవాఖానకు ఆయనొక్కడే. గొలుసేస్తే పోరడు బతకడని తల్లికి ఎరుకే. ఇంట్ల కట్టేస్తే చేతులు కొరుక్కున్నడు. అందుకే తన కొంగును వాని మణికట్టుకు ముడేసుకొని కూసునేది.

ఆ రోజు ముసురు. పట్టపగలే వరండా మసకబారింది. ఫినాయిల్ వాసన, తడిసిన గోడల వాసన. పక్క మంచం మీద ఒక ముసలామె కూసొని ఉన్నది. నుదుట పెద్ద పచ్చబొట్టు. ఎప్పుడచ్చిందో శంకరవ్వ చూడలే.

"జర పండు చెల్లె. నేను పట్టుకుంట."

"పరాయోళ్లు పట్టుకుంటే ఆగడక్కా."

"అయితే నాకమ్ము."

శంకరవ్వకు తెల్వని రివాజు కాదు. పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే, మిగిలిన బిడ్డను గుప్పెడు నూకలకు ఇంకో తల్లికి అమ్మి, మల్ల అవే నూకలిచ్చి కొనుక్కుంటరు. ఎల్లేశాన్ని పురిట్ల గట్లనే దక్కించుకున్నది. ముసలామె పిడికిలి విప్పింది. శంకరవ్వ కొడుకు చేతికున్న కొంగు విప్పి, అదే కొంగున నూకలు మూటగట్టుకున్నది. పేరడగలే, ఊరడగలే. అలిసిన పానం, ఏమడుగుతది? "లేచినంక కొనుక్కుంటనక్కా" అని ఒరిగింది.

లేచేటాళ్లకు వాన నిలిచింది. ఎల్లేశం బుద్ధిగ కూసున్నడు. ఎవ్వలను తాకనియ్యని తలకు నూనె వెట్టి, దువ్వి ఉన్నది. కండ్లల్ల మతి ఉన్నది. శంకరవ్వ సంబురంతోని వాని దగ్గరికి జరిగింది.

"కొడుకా..."

వాడు మర్యాదగ చూసిండు. "ఎవలవ్వా నువ్వు? మా అవ్వ నీళ్లకు పోయింది."

పక్క మంచానికి పరుపే లేదు. ఇనుప పట్టీలకు తుప్పు. ఊడుస్తున్న ఆయా సమ్మవ్వను అడిగితే చీపురు ఆపింది.

"పచ్చబొట్టామెనా?" గొంతు తగ్గించింది. "కొడుక్కు కావలుండి, ఓ దినం కన్నంటుకున్నది. వాన్ని గొలుసేసిండ్రు. వాడు పోయినంక ఆమె గా మంచం మీదనే పోయింది. ఎన్కటి ముచ్చట."

శంకరవ్వ కొంగు ముడి పట్టుకున్నది. తను వేసిన ముడే, ఎవ్వలు విప్పలే. బిగిసిన ముడిని పండ్లతోని విప్పింది... ఒక్క నూక లేదు. దులిపింది. నేలంత దేవులాడింది. ఇగ ఏమిచ్చి కొనాలె?

"వాడు నా కొడుకక్కా..." అన్నది ఉత్త మంచం దిక్కు చూసి.

వరండా చివర్ల చెంబు చప్పుడైంది.

"అగో, మా అవ్వ అచ్చింది" అని ఎల్లేశం లేచిండు.

అక్కడ ఎవ్వలు లేరు. వాడు రెండు చేతులు చాపి అందుకున్నడు... తలెత్తి గుటగుట తాగిండు. గడ్డం మీదికెళ్లి నీళ్లు కారి అంగీ తడిసింది.