నాలుగువందల ఆరు మీద పన్నెండు ఫిర్యాదులు

నగరంలో ఆ హోటల్ తెలియనివాళ్ళు లేరు. అందులో ఉండేవాళ్ళే ఎవరికీ తెలియదు.

అయిదంతస్తులు, నూట పది గదులు, గదికో మేధావి. లిఫ్టెక్కితే కవి, మెట్లెక్కితే శిల్పి. కుళాయిలో నీళ్ళు రావడం లేదని చెప్పడానికి కిందికి దిగితే సోఫాలో నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఇంకో కవి. అందరూ గొప్పవాళ్ళే. ఆ సంగతి వీధిలోకి వెళ్తే ఎవరికీ తెలియకపోవడం లోకం తప్పని వాళ్ళ అభిప్రాయం.

ఇంతమంది మేధావుల మధ్య పొద్దున్నే లేచి పనిచేసే మనిషి ఒక్కతే ఉంది. 306లో పిన్నితో ఉంటుంది. ప్రెస్సువాళ్ళకి ప్రూఫులు దిద్దిపెడుతుంది. హోటలంతా ఆ పిల్లని దిద్దుళ్ళమ్మాయి అంటారు, కాస్త జాలిగా.

పిన్ని చిత్రకారిణి. తొమ్మిదేళ్ళుగా ఒకే బొమ్మ వేస్తోంది. అది పూర్తయిన రోజున ప్రపంచం తలకిందులవుతుందని ఆవిడ నమ్మకం. ప్రపంచం అదృష్టం బాగుండి ఇంకా పూర్తవలేదు. పాత గదిలో ఆ బొమ్మ పట్టకే కిందటి వారం ఇద్దరూ రెండో అంతస్తు నుంచి 306కి మారారు.

మారిన మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి దిద్దుళ్ళమ్మాయి వైద్య నిఘంటువు ప్రూఫులు ముందేసుకుని కూర్చుంది. ఎనిమిదివందల పేజీలు. నెలాఖరుకల్లా ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే పైగదిలో క్లారినెట్టు మొదలైంది.

ఒక ముక్క వాయించడం, ఆపడం, మళ్ళీ అదే ముక్క. ఆ అమ్మాయి ఒకే లైను నాలుగుసార్లు చదివింది. అయిదోసారి మూత్రపిండం దగ్గర పెన్సిల్ విరిగింది. పళ్ళు నూరుకుంటూ మెట్లెక్కి 406 తలుపు దబదబా బాదింది.

తలుపు తీసినవాడు పొడుగ్గా, జుట్టు రేగిపోయి, ఒక కాలికి మాత్రమే మేజోడుతో నిలబడ్డాడు.

"ఏవండీ, ఇక్కడ మనుషులున్నారనుకున్నారా, లేరనుకున్నారా?"

అతని మొహం వెలిగిపోయింది. "మీకు వినిపించిందా?"

"వినిపించిందా ఏమిటి, చెవులు చిల్లులు పడ్డాయి!"

"రండి, రండి, కూర్చోండి." కుర్చీ మీది బట్టలన్నీ మంచం మీదికి విసిరేశాడు. "ఎలా ఉంది?"

"నేను పోట్లాడ్డానికొచ్చాను."

"తప్పకుండా పోట్లాడండి. కానీ ముందు ఎలా ఉందో చెప్పండి. ఏడేళ్ళుగా ఈ గదిలో వాయిస్తున్నాను. తలుపు కొట్టిన మొదటి మనిషి మీరే."

అక్కడితో వెనక్కి వచ్చేస్తే సరిపోయేది. కానీ తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేని నోరు ఆమెది. "బాలేదు. పైకెక్కేటప్పుడు బానే ఎక్కుతున్నారు. దిగేటప్పుడే ఎవరో తరుముతున్నట్టు పరుగు. తొమ్మిదిసార్లు వాయించారు, తొమ్మిదిసార్లూ అక్కడే."

"లెక్కపెట్టారా!" అన్నాడతను గుండె మీద చెయ్యేసుకుని.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గబగబా కిందికి దిగి ఫిర్యాదుల పుస్తకం అడిగింది.

ఆ పుస్తకానికి నాలుగు గళ్ళు. తేదీ, గది నంబరు, ఫిర్యాదు, తీసుకున్న చర్య. చివరి గడిలో మేనేజరు ఇరవయ్యేళ్ళుగా 'గమనించాం' అన్న ఒక్క మాటే రాస్తూ వస్తున్నాడు. పుస్తకం అట్ట మీద చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉంది. ఒకే గది మీద నెలలో పన్నెండు ఫిర్యాదులొస్తే ఆ గది ఖాళీ చెయ్యాలి.

దిద్దుళ్ళమ్మాయి అట్ట చదవలేదు. వేల పేజీల్లో చుక్క తేడా వస్తే పట్టేసే మనిషే, కానీ ప్రెస్సులో అట్ట వేరే వాళ్ళ పని. ప్రూఫులు దిద్దేవాళ్ళెవరూ దాని జోలికి పోరు. అలవాటు కొద్దీ అట్ట తిప్పేసి, లోపల తీరుగా రాసింది: 'క్లారినెట్టు. దిగే చోట తొందర. సరిచూసుకోవాలి.'

మర్నాడు తొమ్మిదింటికి అదే ముక్క వినిపించింది. దిగే చోట నెమ్మదిగా, జాగ్రత్తగా దిగింది. ఆమె పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. బాగుంది. కానీ ఆఖర్లో ఒక స్వరం పట్టుకుని ఎంతకీ వదలడు!

కిందికి వెళ్ళి పుస్తకం తెరిచేసరికి, నిన్నటి ఫిర్యాదు పక్కన చర్య గడిలో కొత్త చేతిరాత కనిపించింది. 'సరిచూశాను. ఇవాళ ఎలా ఉంది? ఇట్లు, 406.'

"ఎంత పొగరు!" అనుకుంది. అనుకుని, వెంటనే రాసింది: 'చివరి స్వరం లేవదీసినా కదలని చుట్టంలా ఉంది.'

మర్నాటికి జవాబు సిద్ధం. 'చుట్టాన్ని సాగనంపాను.'

అలా మొదలైంది. ఆమె రోజూ రాసింది, అతను రోజూ దిద్దుకున్నాడు. మేనేజరు ప్రతి ఫిర్యాదు కిందా ఎర్ర సిరాతో అంకె వేసుకుంటూ తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఎందుకో ఆమెకి అప్పుడు పట్టలేదు.

"ఏమే, ఫిర్యాదు రాయడానికి జుట్టు మళ్ళీ దువ్వుకోవాలా?" అంది పిన్ని, కుంచె నోట్లో పెట్టుకుని.

"పెన్ను తీసుకుంటున్నాను పిన్నీ."

"పెన్ను అద్దంలో దొరుకుతుందా?"

ఎనిమిదో ఫిర్యాదు రాసిన రోజున వాన పట్టుకుంది. ప్రెస్సు నుంచి వస్తూ ఆమె హోటల్ ఎదురు చెప్పుల షాపు చూరు కిందికి దూరింది. అక్కడ అతను ముందే ఉన్నాడు, తను తడుస్తూ, క్లారినెట్టు పెట్టెకి గొడుగు పట్టి.

"మనిషి తడిసినా పర్వాలేదా?" అందామె.

"మనిషి ఆరతాడండి. ఇది తడిసి ఆరితే పగిలిపోతుంది." గొడుగు సర్ది అడిగాడు. "మీకు సంగీతం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. తప్పులు పట్టడం మాత్రం వచ్చు, జీతానికి."

"నాకు ఉచితంగా పడుతున్నారుగా."

"మొహమాటం లేకుండా చెప్తున్నాను, అంతే. మీ గురించి పేపర్లో ఎప్పుడూ రాలేదా?"

"ఒకసారి వచ్చింది. పెద్ద కచేరీ. ముందు వరసలో వాళ్ళందరి పేర్లూ రాసి, చివర 'ఇతరులు కూడా పాల్గొన్నారు' అన్నారు. ఆ ఇతరుల్లో నేనున్నాను."

ఆమె పకపకా నవ్వింది. నవ్వాక అతని మొహం చూసి, నవ్వినందుకు బాధపడింది. ఏడేళ్ళు ఒక మనిషి గోడలకి వాయించుకోవడమంటే ఏమిటో అప్పుడు తట్టింది. అతను ఆమె వైపు చూశాడు, ఆమె వాన వైపు చూసింది. వాన తనకేం పని లేనట్టు తీరిగ్గా కురిసింది.

"నాలో ఇంకేమైనా తప్పులున్నాయా?" అన్నాడు మెల్లిగా.

"మేజోళ్ళు రెండు కాళ్ళకీ వేసుకోండి."

ఆ తరవాత రోజులు చకచకా గడిచాయి. పన్నెండోది ఆమె ఇలా రాసింది: 'నిన్న కొత్తది మొదలుపెట్టి సగంలో ఆపేశారు. ఇది అన్యాయం. మిగతాది వినకపోతే నాకు పని సాగదు.'

మర్నాడు తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. పైన చప్పుడు లేదు. పదింటికి ఆమెకి చెయ్యి ఆడలేదు. కిందికి పరుగెత్తింది.

మేనేజరు ఎదురొచ్చి మరీ చెయ్యి కలిపాడు. "మేడమ్, మీ మేలు మరిచిపోలేను. నెలలో పన్నెండు! అదీ ఎంత పద్ధతిగా రాశారు! ఆ క్లారినెట్టాయన ఇవాళ ఖాళీ చేస్తున్నాడు."

"ఖాళీ చెయ్యడమేమిటి?"

మేనేజరు పుస్తకం మూసి అట్ట చూపించాడు. ఆమె చదివింది.

"406ని స్మారక మందిరం చేస్తున్నామండి. పూర్వం ఒక మహాకవి అందులో పదకొండు రోజులున్నాడు."

"పదకొండు రోజులేనా? తరవాత?"

"నల్లులు కుడుతున్నాయని వెళ్ళిపోయాడు. అయినా మహాకవి మహాకవే కదా! వచ్చినవాళ్ళకి చూపించడానికి చనిపోయినవాళ్ళయితే ఏ గొడవా ఉండదు. వాయించరు, నీళ్ళు రావడం లేదనరు."

మిగతా మాటలు ఆమె వినలేదు. నాలుగో అంతస్తు వరకు ఒక్క ఊపిరిలో ఎక్కింది. గది తలుపు తెరిచే ఉంది. అతను పెట్టె సర్దుతున్నాడు.

"నాకు తెలియదు!" అంది రొప్పుతూ. "ఒట్టు, ఆ అట్ట నేను చదవలేదు."

"తెలుసండి. చదివుంటే రాసేవారు కాదు."

"మీకు నియమం ముందే తెలుసా?"

"ఏడేళ్ళుగా ఉన్నాను. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి పదకొండో దాని దగ్గర ఆపమని చెప్పొచ్చుగా!"

"చెబితే ఆపేసేవారుగా." అతను చొక్కా మడత పెడుతూ తలెత్తకుండా అన్నాడు. "నా గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదండి. మీరు పన్నెండు రాశారు. గది ఉంచుకుని అవి పోగొట్టుకోవడమా, అవి ఉంచుకుని గది పోగొట్టుకోవడమా అని ఆలోచించాను. పెద్దగా ఆలోచించలేదు కూడా."

"మీకసలు బుద్ధుందా?" అంది. "వెళ్ళిపోతే నేనేం వినాలి? పొద్దున్నే తొమ్మిదింటికి నేను ఏం చెయ్యాలి, చెప్పండి!"

అతను మడతపెడుతున్న చొక్కా కింద పడేశాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

హోటల్ యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. గది ఖాళీ చేయించాలంటే ఆవిడ సంతకం కావాలి. మధ్యాహ్నం మూడింటికి కింది హాల్లో ఆవిడ కూర్చుంది. సంగతి తెలిసి మేధావులంతా దిగారు. తమ గది కాదు కనుక అందరికీ ఉత్సాహంగానే ఉంది. సోఫాలో కవి మాత్రం నుదుటి మీద చెయ్యి తియ్యలేదు.

"ఫిర్యాదులు చదవండి," అంది పెద్దావిడ.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మొదటి మూడూ కోర్టు గుమాస్తాలా చదివాడు. అయిదో దానికి గొంతు తగ్గింది. 'మూడో భాగం వింటుంటే కిటికీ తీయాలనిపించింది. తీశాను.' ఏడోది ఇంకా నెమ్మదిగా చదివాడు. 'నిన్నటిది దిగులుగా ఉంది. ఒంట్లో బాగాలేదా?' హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దిద్దుళ్ళమ్మాయికి చెవులు కాలిపోతున్నాయి. పన్నెండోది చదివేటప్పటికి మేనేజరు మొహానికి చెమటలు పట్టాయి.

"ఇవి ఫిర్యాదులా?" అంది పెద్దావిడ.

"ఫిర్యాదు గడిలోనే రాశారండి. నియమం ప్రకారం..."

"నియమం నేను పెట్టిందే, నాకు తెలుసు." ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "పొరపాటున రాశానని ఒక్కటి కొట్టెయ్యమ్మా. పదకొండవుతాయి. అతను గదిలోనే ఉంటాడు."

మేనేజరు నీరుగారిపోయాడు. పెన్ను ఆమె చేతికొచ్చింది. ఒక్క గీత గీస్తే చాలు. రోజూ గీసే గీతే.

"వద్దండీ," అన్నాడతను వెనక నుంచి. అందరూ తిరిగి చూశారు. "గది ఇంకోటి దొరుకుతుంది. అది కొట్టేస్తే నాకు మళ్ళీ దొరకదు."

ఆమె పుస్తకం వంక చూసింది. ఏది కొట్టాలి? తొందర తగ్గించమన్నదా? కిటికీ తీశానన్నదా? మిగతాది వినకపోతే పని సాగదన్నదా? పన్నెండూ మళ్ళీ చదివింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇందులో తప్పేం లేదండి," అంది పెద్దావిడతో. "తప్పు లేనిదాన్ని కొట్టెయ్యడం నావల్ల కాదు. ఇందులో రాసిందంతా నిజం. రాయనిది కూడా ఒకటుంది, అదీ నిజమే. నాకు ఈయనంటే ఇష్టం. గది మీరే ఉంచుకుని చనిపోయినాయనకి ఇచ్చుకోండి. బతికున్నాయన్ని నేను తీసుకెళ్తాను."

హాల్లో ఈలలు లేచాయి. క్లారినెట్టాయన మాత్రం కచేరీలో తన వంతు ఎప్పుడొస్తుందో తెలియని వాడిలా నిలబడిపోయాడు.

"నిన్నేనయ్యా," అంది పెద్దావిడ. "ఏదో ఒకటి చెప్పు."

"నాకు... నాక్కూడా అండి. మొదటి రోజు తొమ్మిదిసార్లు లెక్కపెట్టారే, అప్పట్నుంచీ."

పెద్దావిడ సంతకం పెట్టింది. పెట్టి, ఆ పేజీలు చింపి అతనికిచ్చెయ్యమంది. ఇరవయ్యేళ్ళలో పుస్తకం ఎప్పుడూ చింపలేదని మేనేజరు గిలగిల్లాడాడు. అయినా చింపాడు.

పిన్ని రంగు చేతులతోనే వచ్చి ఇద్దర్నీ వాటేసుకుని భోరుమంది. "నా బొమ్మ మీ పెళ్ళికి కానుకగా ఇస్తానే. పూర్తవగానే ఇచ్చేస్తాను."

"అయితే కానుక వద్దు పిన్నీ. మేం తొందరగా చేసుకుందామనుకుంటున్నాం."

"పొగరుబోతు పిల్లా," అని పిన్ని ముద్దు పెట్టుకుంది. చెంప మీద నీలం అంటింది.

నాలుగింటికి ఇద్దరూ వీధిలోకొచ్చారు. అతని చేతిలో క్లారినెట్టు పెట్టె, బట్టల సంచీ. ఆమె చంకలో ఆ రోజు ఇవ్వాల్సిన ప్రూఫుల కట్ట.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు.

"ముందు ప్రెస్సుకి. అయిదింటికి మూసేస్తారు."

"తరవాత?"

"తరవాత మీకు గది వెతుకుదాం. ఇద్దరికీ సరిపోయేది. నాకు కిటికీ, మీకు నిలబడి వాయించుకునే చోటు. గోడలు మాత్రం పల్చగా ఉండాలి."

"పల్చగా ఎందుకండీ? మళ్ళీ గొడవలొస్తాయి."

"రానీండి," అందామె, అతని చేతిలో సంచీ లాక్కుని నడుస్తూ. "నేనొక్కదాన్నే వింటే ఎలా? పక్కింటివాళ్ళు కూడా వినాలిగా."