ఐదో ఛాన్స్‌లో ఉత్తుత్తి రాజు

“వేటాడాలి, వెంటనే రా” అని ఫోన్‌లో వినపడింది నీడకి.

నీడ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. శత్రువుల వెనకాల నడిచీ నడిచీ ఆ నీడకి మోకాళ్లు అరిగాయి. గూఢచారి అయ్యాక గూడు చేరింది తక్కువ. అయినా విగ్గు తగిలించి, పిస్తోలు దోపుకుని, జేబులో పెన్ కెమెరాతో ఆఫీసుకి పరిగెత్తాడు.

చీఫ్ తల పట్టుకున్నాడు. “వేట కాదయ్యా, ఆట! ఆటాడాలి అన్నాను. ముందు ఆ విగ్గు తియ్యి, చూడలేక ఛస్తున్నా.”

ఆట పేరు ‘ఎవరబ్బా?’ ఆన్‌లైన్‌లో రోజుకో చరిత్ర మనిషి, అదీ చరిత్రే మరిచిపోయిన మనిషి. ఐదు క్లూలు, ఐదు ఛాన్సులు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో బోర్డు మీద లోకమంతా చూడొచ్చు. ఆ బోర్డు మీదే ఒక విదేశీ ముఠా తన మనుషులకి ఆర్డర్లు పంపుతోందని సమాచారం. అనుమానం ‘సిల్క్’ అనే ప్లేయర్ మీద. నెలల తరబడి నీడ రోజూ ఆడాడు, రోజూ ఆమె ఫలితం చూశాడు, రోజూ ఆవులించాడు. చివరికి పోయిన వారం సిల్కే ముఠాని వదిలేశానంటూ వీళ్ల గుమ్మంలో వాలింది. సిల్క్ స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, గదికి సరిపడా సెంటు.

ఇవాళ ఆమె పక్కనే, తెరలు దించిన ఫ్లాట్‌లో, ఆమె అకౌంట్ తెరుచుకుని కూర్చున్నాడు నీడ. వెనకాల డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ అమ్మాయి వైర్లు సర్దుతోంది. కీబోర్డు సిల్క్‌కివ్వలేదు. అంత నమ్మకం మరి!

స్పీకర్‌లో చీఫ్ బ్రీఫింగ్: “మన అనువాదకుడు వాళ్ల ఫైళ్లతో రైలెక్కాడు. ఫోన్ లేదు. అదే బోగీలో వాళ్ల షూటర్ ఉన్నాడు, ఎవడో తెలీదు. వాడు బోర్డు చూస్తాడు. సిల్క్ గెలిస్తే కాల్చాలి, ఓడితే వదిలెయ్యాలి. మొదట్నుంచీ ఇదే కోడ్, కదమ్మా?”

“మొదట్నుంచీ అదే సార్” అంది సిల్క్.

“విన్నావుగా? స్టేషన్‌లో మనవాళ్లున్నారు. అందాకా మనవాడి ప్రాణం నీ వేళ్ల మీదుంది. ఓడిపో!”

ఓడటం నీడకి కొత్తకాదు, కానీ తెలిసి ఓడటం కొత్త. మొదటి క్లూ: ‘కత్తి పట్టలేదు.’ రెండోది: ‘సింహాసనం ఎక్కాను, రాజ్యం చెయ్యలేదు.’ అంతే, జవాబు నాలుక మీదకొచ్చేసింది. మింగేసి ‘ముసుగు సేనాని’ అని కొట్టాడు. తప్పు. ‘గొడుగు దొర’. తప్పు. ‘తొందర మంత్రి’, ‘ఏడుపు యువరాజు’. తప్పు, తప్పు. ఒక్కో తప్పూ వచ్చిన తుమ్ము ఆపుకున్నట్టుంది. తెర మూలన ఆమె గెలుపుల వరస ఉంది. మొదటి రోజునుంచీ అన్నీ పచ్చ గళ్లే.

“ఇన్నాళ్ల వరస తెగిపోతోంది. బాధగా లేదా అమ్మా?”

“దేనికి?” గోళ్లు చూసుకుంటూ అంది సిల్క్. “ఆటే కదా.”

నీడకి వీపు మీద చలి పాకింది. తనైతే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతున్నప్పుడు కూడా తన చిన్నపాటి వరస తెగకూడదని ఎడమ చేత్తో ఆడాడు. ఇల్లాలు ఫోన్ లాక్కుంటే బతిమాలాడు. ఇలాంటి వరస పోతుంటే నిట్టూర్చని మనిషుంటుందా? అలసిన కళ్లతో ఆ పచ్చ గళ్లని ఇంకోసారి చూశాడు. రోజూ గెలుపే. గెలుపంటే ‘చంపు’ అయితే రోజుకో శవం లేవాలి కదా! మరి ఇన్నాళ్లూ రానిది ఓటమి ఒక్కటే.

తెర మీద గడియారం ఎర్రబడింది. టైమ్ అయిపోతే అదీ ఓటమే.

‘ఉత్తుత్తి రా...’ దాకా కొట్టాడో లేదో, జడపిన్నులోంచి సూది లాగి సిల్క్ అతని మణికట్టు మీదకి దూకింది.

“అన్నా, చెయ్యి!” అని అరుస్తూ టెక్నీషియన్ ఆమె కుర్చీని ఒక్క తన్ను తన్నింది. సూది బల్లలో దిగింది. నీడ ‘జు’ కొట్టి ఎంటర్ నొక్కాడు. ఆఖరి సెకన్‌లో గడి పచ్చబడింది.

స్పీకర్ బద్దలయింది. “ఓడమంటే గెలుస్తావేంటయ్యా! నిలువునా చంపేశావు మనవాణ్ణి!”

నీడ సిల్క్ చేతులకి బేడీలు తగిలించాడు. తన లెక్క తప్పయితే ఇక అనువాదకుడు లేడు.

రైలు స్టేషన్ చేరింది. అనువాదకుడు ఆవులిస్తూ దిగాడు. బోగీని సోదా చేస్తే, తుపాకీని సంచీలో సర్దేసి గురకపెడుతున్న షూటర్ దొరికాడు.

సాయంత్రం కాన్ఫరెన్స్ గదిలో ఆఫీసంతా గుమిగూడింది. నీడ మోకాళ్లు రుద్దుకుంటూ అందరికీ విడమరిచి చెప్పాడు. “కోడ్‌ని తిరగేసి చెప్పింది సార్. గెలుపంటే ఆగమని, ఓటమంటే కాల్చమని. మన చేత్తోనే మనవాణ్ణి చంపించబోయింది. రాజు పోలికలున్నాయని సింహాసనమెక్కించి, రాజుకి తగలాల్సిన కత్తిపోటుకి బలిచ్చిన మనిషి, ఉత్తుత్తి రాజు... వాడి పేరు ఐదో ఛాన్స్‌లో కొట్టకపోతే మన అనువాదకుడికీ అదే గతి.”

అందరూ చప్పట్లు కొట్టారు. చీఫ్ ఒక్కడే ముఖం వేలాడేసుకున్నాడు.

“అంతా బాగానే ఉందయ్యా. కానీ జవాబు అందరి ముందూ అలా అరిచేస్తావేంటి? నేనింకా ఇవాళ్టిది ఆడనేలేదు!”