పన్నెండుకి పన్నెండు

సైలెన్సర్ ఉన్న తుపాకీ కాబట్టి పక్కగదిలో నర్సుకి కూడా వినపడలేదు. ఏజెంట్ క్లినిక్ తలుపు తోసుకుని వచ్చేసరికి డాక్టరమ్మ తెల్లకోటు ఎర్రగా తడిసిపోయింది. ఆమె పైకి విదేశీ ముఠా మనిషి, లోలోపల మన మనిషి. ఆ గుట్టు ముఠాకి తెలిసిపోయింది.

"టైమెంత?" అందామె.

"పదీ నలభై."

"మీ సైఫర్ రూమ్ ఆపరేటర్... సిగరెట్లు మాన్పించమని నా దగ్గరికొచ్చాడు. హిప్నాసిస్‌కి ఎంత తేలిగ్గా లొంగుతారో చూసే టెస్టులో పన్నెండుకి పన్నెండు. పదకొండు గంటలు కొట్టగానే కోడ్ కీ మొత్తం వాళ్లకి పంపేస్తాడు. అతన్ని మత్తులో పెట్టి అలా చెయ్యమని నాతోనే చెప్పించారు. నేనే వెళ్లి ఆపుదామనుకున్నా. నా గొంతు తప్ప అతనికి..."

ఆ గొంతు అక్కడితో ఆగిపోయింది. క్లినిక్ ఫోన్ తీగ ముఠా ముందే కోసేసింది.

కీ బయటపడితే సరిహద్దు అవతల మారువేషాల్లో ఉన్న మన గూఢచారులు నలభై మంది సాయంత్రానికి శవాలే.

ఏజెంట్ సైఫర్ రూమ్‌కి చేరేసరికి పదకొండు కొట్టేసింది. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం అవతల ఆపరేటర్ కళ్లు తెరుచుకునే టెలిప్రింటర్ మీద టకటకా కొడుతున్నాడు. ఉక్కు తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది. కరెంటు తీసేద్దామంటే మెషీన్‌కి సొంత బ్యాటరీ.

"ఆపు! ఇది ఆర్డర్!" ఇంటర్‌కమ్‌లో అరిచాడు ఏజెంట్. రెప్ప కూడా కదల్లేదు. అదే టెస్టులో తనకి వచ్చింది సున్నా. డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'మొద్దు' అనేది అందుకే. మత్తులో మునిగినవాడితో ఎలా మాట్లాడాలో మొద్దుకేం తెలుసు?

ఆపరేటర్ ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, మీ ఆయన్ని పరధ్యానంలోంచి ఎలా లేపుతారు?"

"లేపడమా! పుస్తకం పట్టారంటే ఇల్లు తగలబడినా తెలీదండీ. పాపకి ఆయనే కట్టిన జోలపాట ఒకటుంది. అది తప్పు పాడితే మాత్రం నిద్రలోంచి లేచి మరీ సరిచేస్తారు."

"చెప్పండి, తొందరగా!"

ఆమె చెప్పింది. అతను ఇంటర్‌కమ్‌లో పాడాడు. "మబ్బు మీద మంచమేశా, చుక్క నీకు తలగడ..."

ఆపరేటర్ వేళ్లు ఇంకా జోరందుకున్నాయి.

"అయ్యో, తప్పు పాడండి సార్, తప్పు!" ఫోన్‌లో ఆవిడ కేక.

పంపాల్సిన కీలో ఇక ఒక్క వరసే మిగిలింది. అది లేకపోతే మిగతా కీ అంతా చిత్తు కాగితం.

"చుక్క నీకు తలనొప్పీ..."

వేళ్లు గాల్లో ఆగిపోయాయి. ఆపరేటర్ నుదురు చిట్లించాడు.

"తలనొప్పి కాదు," అన్నాడు చిరాగ్గా. "తలగడ."

తర్వాత బిత్తరచూపులు చూస్తూ వచ్చి తలుపు తీశాడు. ఏజెంట్ గోడకి జారబడి నేలమీద కూర్చున్నాడు. చొక్కా చేతిమీద డాక్టరమ్మ రక్తం ఎండిపోతోంది.

"ఎవరైనా పోయారా సార్? ఎవరో ఏడుస్తున్నట్టు వినపడింది."

"పోయారు," అన్నాడు ఏజెంట్. "కానీ నువ్వు విన్నది నా పాట."